వాసన వస్తోంది, అగ్గిపుల్ల గీయకండి

గ్యాస్ వాసన గురించి తాటిపాక వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన పక్కనున్న నగరంలో గెయిల్ గొట్టం పగిలింది. తాటిపాకలో బయల్దేరి కొండపల్లి దగ్గరి లాంకో విద్యుత్ కేంద్రానికి వెళ్లే లైను అది. తడి లేని గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి ఉన్న గ్యాస్ పంపారు, లోపల తుప్పు తినేసింది. వాసన వస్తోందని ఊరివాళ్లు అంతకుముందే చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ పొద్దున టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే మంట లేచిందని అప్పటి పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడి మసిబొగ్గు స్తంభాల్లా నిలబడ్డాయి. టీ కాచుకోవడానికి అగ్గిపుల్ల గీసినవాడి తప్పేముంది? గాలిలో ఏముందో అతనికి తెలీదు.

మళ్లీ అలాంటి గాలే తగులుతోంది. ఈసారి ఓటర్ల జాబితాలోంచి.

పోయిన వారం తాటిపాక సెంటర్లో టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఒక కుర్రాడు వార్డు ఓటర్ల జాబితా జిరాక్సు పరుచుకుని కూర్చున్నాడు. చేతిలో మూడు స్కెచ్‌పెన్నులు. ఇంటి నంబరు దగ్గర ఆగడం, ఇంటిపేరు చూడడం, పక్కన నిలబడ్డ పెద్దాయన్ని అడగడం, గీత కొట్టడం. ఇదే పని.

“ఈళ్లు మనోళ్లేనా బాబాయ్?”

“పేరు చూత్తే అలాగే ఉంటది గానీ కాదురా. ఆళ్లది ఆ పేట.”

ఎర్రగీత.

“ఈ కోడలుపిల్లో?”

“పాలకొల్లు నుంచి తెచ్చుకున్నారు. మనోళ్ల పిల్లే.”

నీలంగీత. ఆకుపచ్చ ఎవరికో నేను అడగలేదు, కాసేపు చూస్తే నాకే అర్థమైంది. టీ చల్లారేలోపు వీధి వీధంతా మూడు రంగులైపోయింది. మొగుడికి ఒక రంగు, పెళ్లానికి ఇంకో రంగు పడ్డ ఇల్లు ఒకటుంది. అక్కడ మాత్రం కుర్రాడు పెన్ను పైకెత్తి కొంచెంసేపు ఆలోచించాడు, తర్వాత ప్రశ్నార్థకం పెట్టాడు.

ఆ జాబితా ఏ పార్టీదో రాయను. రాస్తే మిగతావాళ్లు భుజాలు తడుముకోవడం మానేస్తారు.

ఇంత తొందరగా ఇది ఎందుకు రాయాల్సొచ్చిందంటే, 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో ఎన్నుకున్న సర్పంచులకి రాజ్యాంగం ఇచ్చిన గడువు ఐదేళ్లే. పోలింగ్ ఎప్పుడన్నది ఎన్నికల సంఘం చెప్పే మాట. పార్టీలు మాత్రం ఆ మాట కోసం ఆగలేదు. ఎన్నికలు వాయిదా పడాలని కోరుకునేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకి 2018 గుర్తు చేయాలి. ఆ ఏడు ఆగస్టులో పాత సర్పంచుల గడువు తీరాక రెండేళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావు. బ్లీచింగ్ బస్తా కూడా అప్పు మీదే తెచ్చుకోవాలి. కాబట్టి ఎన్నిక జరగాలి. ఎలా జరుగుతుందన్నదే భయం.

ఈ భయం రాజోలులో కొంచెం ఎక్కువ. కారణం జనసేన. 2019లో ఆ పార్టీ రాష్ట్రమంతటా గెలిచింది ఒక్కటే సీటు, అది మన రాజోలు. అధినేత పవన్ కల్యాణ్ భీమవరంలోనూ గాజువాకలోనూ ఓడిపోయిన ఎన్నికలవి. ఇక్కడ రాపాక వరప్రసాదరావు 814 ఓట్ల తేడాతో గట్టెక్కారు. 2024లో తెలుగుదేశం, బీజేపీలతో కట్టిన కూటమి తరఫున నిలబడ్డ జనసేన అభ్యర్థి దేవ వరప్రసాద్‌కి మెజారిటీ 39 వేల పైచిలుకు. 814 ఎక్కడ, 39 వేలు ఎక్కడ! ఈ అంకె వింటే కార్యకర్త ఛాతీ ఉప్పొంగుతుంది, ఉప్పొంగాలి కూడా. కానీ కొబ్బరి వర్తకుడు రాశి చూసి ధర కట్టడు, కాయ లెక్కపెట్టి కడతాడు. మనమూ ఒకసారి లెక్కపెడదాం.

2019లో రాజోలులో జనసేనకి పడ్డవి 50 వేల ఓట్లు. మూడో స్థానంలో ఉన్న తెలుగుదేశానికీ నలభై వేలు దాటాయి. ఈ రెండూ కలిపితే వచ్చేదానికి 2024లో కూటమికి పడ్డ ఓట్లు అటూ ఇటూగా సమానం. మరి వైసీపీ సంగతి? 2019లో దానికి 50 వేల లోపు పడ్డాయి. 2024లో, రాష్ట్రమంతా కొట్టుకుపోయిన ఏడాది, ఇక్కడ 55 వేలు దాటాయి. ఓడిపోయిన పార్టీకి ఓట్లు పెరిగాయన్నమాట! రాజోలులో గాలి తిరగలేదు, రెండు కుప్పలు ఒక కుప్పయ్యాయి, అంతే. ఈ మెజారిటీ ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తిని ఒక్కడి పేరున పట్టా రాయించుకుంటే ఏమవుతుందో కోనసీమలో ప్రతి ఇంటికీ తెలుసు, అమలాపురం కోర్టుకి ఇంకా బాగా తెలుసు.

శాసనసభ సీటు ఒకటే కాబట్టి పంపకం తేలిగ్గా అయింది. ఒకరు నిలబడ్డారు, ఒకరు తప్పుకున్నారు. పంచాయతీల్లో అలా కుదరదు. నియోజకవర్గంలో ఎన్ని ఊళ్లున్నాయో అన్ని కుర్చీలున్నాయి. ఒక్కో కుర్చీ చుట్టూ పదేళ్లుగా జెండా మోసినవాడు, నిరుడు కండువా మార్చినవాడు, డబ్బున్నవాడు, మాటున్నవాడు కాచుకుని ఉన్నారు. 2024లో టిక్కెట్టు త్యాగం చేశామనే తెలుగుదేశం వాళ్ల మాట ఇంకా నోట్లోనే ఉంది. అది ఇప్పుడు బయటికొస్తుంది. పైగా సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తు ఉండదు. జనసేనకి 2025 జనవరిలో గుర్తింపు పొందిన పార్టీ హోదా వచ్చింది, గాజు గ్లాసు తన సొంతమైంది. ఎంపీటీసీ, జడ్పీటీసీలకి అది పనికొస్తుంది. సర్పంచికి మాత్రం ఉంగరమో కత్తెరో ఏదొస్తే అది. గుర్తు లేని చోట మనిషిని చూసి ఓటేస్తారని చట్టం చేసినవాళ్లు అనుకున్నారు. మనవాళ్లు మనిషి వెనక కులాన్ని చూశారు. అందుకే ఆ స్కెచ్‌పెన్నులు.

నాయకుల సంగతి వేరు. వాళ్లకి రంగులతో పేచీ లేదు. 2009లో రాజోలు ఎమ్మెల్యే రాపాక, కాంగ్రెస్ నుంచి. 2014లో గొల్లపల్లి సూర్యారావు, తెలుగుదేశం నుంచి. 2019లో మళ్లీ రాపాక, జనసేన నుంచి. గెలిచిన ఏడాది లోపే, 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుకి ఆయన సొంత పార్టీ మాట కాదని వైసీపీ ప్రభుత్వాన్ని బలపరిచారు. 2024లో అదే రాపాక వైసీపీ తరఫున అమలాపురం ఎంపీ సీటుకి పోటీ చేసి, జీఎంసీ బాలయోగి కొడుకు హరీష్ మాధుర్ చేతిలో ఓడిపోయారు. తెలుగుదేశం మాజీ గొల్లపల్లి అదే వైసీపీ కండువాతో రాజోలులో నిలబడి ఓడిపోయారు. కండువాలు మారాయి, మెడలు అవే. వాళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితిలో లేరు. పెళ్లిళ్లలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని భోంచేస్తారు. వాళ్ల కోసం మాటలు అనుకున్న రెండు వీధుల వాళ్లు మాత్రం బోరింగు దగ్గర బిందె మార్చుకోవడం మానేస్తారు.

ఇక అసలు ప్రమాదానికి వద్దాం. దాని పేరు ఏకగ్రీవం.

మాట వినడానికి ఎంత తియ్యగా ఉంటుందో! ఊరంతా ఒక్క మాట మీద ఉందంటే ఎవరు కాదంటారు? 2021 జనవరిలో అప్పటి ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకి జనాభాని బట్టి ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించి పత్రికల్లో నిండా ప్రకటనలిచ్చింది. ఎన్నికల సంఘం తప్పుపట్టింది. అంతకుముందు 2020 మార్చిలో పరిషత్ నామినేషన్లప్పుడు పత్రాలు లాక్కున్నారని, గుమ్మం దాటనివ్వలేదని ప్రతిపక్షాలు గగ్గోలు పెట్టాయి. చివరికి తెలుగుదేశం ఆ పరిషత్ ఎన్నికలనే బహిష్కరించింది. చక్రం తిరిగింది. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉపఎన్నికలో అవే ఆరోపణలు వైసీపీ నోటి నుంచి విన్నాం. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. ఎవరు ఏ కుర్చీలో ఉంటే ఆ మాట మాట్లాడుతున్నారన్నది మాత్రం చూస్తున్నాం.

రాజోలులో కూటమికి ఏకగ్రీవం మీద ఆశ పుట్టడానికి ఇంకో కారణం ఉంది. మూడు పార్టీలు ఊరూరా తమలో తాము కొట్టుకోకుండా ఉండాలంటే అన్నిటికన్నా తేలికైన దారి, ఒక గదిలో కూర్చుని ఈ ఊరు నీకు, ఆ ఊరు నాకు అని పంచేసుకోవడం. తర్వాత ఎవరూ నామినేషన్ వెయ్యకుండా చూసుకోవడం. పార్టీ పెద్దలకి ఇది నేర్పుగా కనిపించవచ్చు. ఊళ్లో దీని అర్థం వేరు. నీ ఊరి కుర్చీ నీకు చెప్పకుండా పంచేశారని అర్థం. పంచుకునేటప్పుడు మాట్లాడేది పార్టీ వాటా గురించే అయినా చివరికి తేలేది కులం వాటా. వాటా దక్కని పేట ఆ రాత్రి నిద్రపోదు.

పంపకం కుదరని చోట వేలం. తెలంగాణలో 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలప్పుడు సర్పంచి పదవి వేలం పాడిన ఊళ్ల వార్తలు మనమంతా చదివాం. ఇక్కడ మాత్రం జరగలేదా? రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చుంటారు. గుడి గోపురానికి ఇంత, రోడ్డుకి ఇంత అంటారు. పాట పెరుగుతుంది. దేవుడి పేరు మీద జరుగుతుంది కాబట్టి అడిగినవాడు పాపాత్ముడు. పాడుకున్నవాడు ఆ సొమ్ము ఇసుక ర్యాంపులోనో రొయ్యల చెరువు అనుమతిలోనో లేఅవుట్ సంతకంలోనో రాబట్టుకుంటాడు. వచ్చే ఐదేళ్లూ డ్రెయినేజీ గురించి అడిగితే “నేను కొనుక్కున్నాను” అంటాడు. అనే హక్కు మనమే ఇచ్చాం. డబ్బూ మందూ పంచి గెలిచినట్టు తేలితే పదవి పోవడమే కాదు, మూడేళ్ల దాకా జైలు పడేలా 2020లో పంచాయతీరాజ్ చట్టం సవరించారు. ఆ చట్టం ఎంత మందిని పట్టుకుందన్నది అటుంచండి. మీ ఊళ్లో పాట మొదలైతే ఎంపీడీవోకి ఒక కాగితం రాసి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. కాగితం ఉంటేనే తర్వాత ఎవడైనా అడగగలడు.

2022 మే 24 సాయంత్రం అమలాపురం ఎలా ఉందో చూసినవాళ్లకి ఈ కులం లెక్కల భయం అతిగా అనిపించదు. కోనసీమ జిల్లా ఏర్పడి రెండు నెలలు కూడా కాలేదు. దానికి అంబేడ్కర్ పేరు పెట్టమని అంతకుముందు అడగని పార్టీ లేదు. పెడతామనగానే అడిగినవాళ్లలో ఎంత మంది గొంతు తగ్గించారో గుర్తు తెచ్చుకోండి. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి దగ్గర నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని సిగ్నల్ కోసం గోదారి దాటారు. పార్టీలు ఒకరి మీదికి ఒకరు తోసుకున్నాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయినప్పుడూ చూశాం, చుట్టలు పట్టుకుని ఎంతమంది దిగారో.

ఆ మంటలు చల్లారిన రెండు నెలలకే గోదారి వచ్చింది. 2022 జూలై వరద లంకల్ని ముంచేసింది. మే నెలలో ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నవాళ్లే జూలైలో ఒకే మేడ ఎక్కి ఒకే పొయ్యి మీద గంజి కాచుకున్నారు. నావలో పాల ప్యాకెట్టు అందించినవాడి కులం ఎవరూ అడగలేదు. మరుసటి ఏడు జూన్‌లో వారాహి యాత్రతో కోనసీమ వచ్చిన పవన్ కల్యాణ్ కులాల మధ్య ఐక్యత గురించే గట్టిగా మాట్లాడారు. బాగా మాట్లాడారు. వేదిక ఎక్కిన ప్రతి పార్టీ అదే మాట్లాడుతుంది. వేదిక దిగాక బల్ల మీద పరిచే కాగితంలో ఏముంటుందన్నదే నా ప్రశ్న.

జనసేనని ప్రత్యేకంగా అడగడానికి ఒక న్యాయం ఉంది. పంచాయతీరాజ్ శాఖ ఉన్నది ఆ పార్టీ అధ్యక్షుడి చేతిలోనే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టించిన శాఖ అది. ఆ రోజు ముఖ్యమంత్రి మన వానపల్లికే వచ్చారు. 2025 నవంబరులో పవన్ కేశనపల్లి వచ్చి, శంకరగుప్తం డ్రెయిన్ ఉప్పునీటికి తలలు వాలిపోయిన కొబ్బరిచెట్లు చూశారు. తెలంగాణ దిష్టి తగిలిందని ఆయన అన్న మాట మీద కొన్నాళ్లు గొడవ నడిచింది. దిష్టి తగిలిందో లేదో గానీ ఉప్పునీరు తగిలింది, అది మాత్రం ఖాయం. ఆ నీరు ఏ పేట చెట్టుని వదిలింది? మూడు రంగుల ఇళ్ల వెనకా అవే మోడులు. ఇంత మంచి ఎన్నికల విషయం చేతిలో పెట్టుకుని కులం లెక్క వేసుకునేవాణ్ణి ఏమనాలి? వెన్న చేత పట్టుకుని నెయ్యికి తిరిగేవాడనాలి.

జనసేన రాజోలులో నిలబడాలంటే చేయాల్సింది కష్టమైన పనేం కాదు, మొహమాటపడే పని. అభ్యర్థి ఎవరన్నది గదిలో తేల్చకుండా ఊళ్లోనే తేల్చనివ్వడం. కుదరని చోట మిత్రపక్షంతో స్నేహపూర్వకంగా పోటీపడి ఓడిపోవడానికి సిద్ధపడడం. ఓ పాతిక ఊళ్లు ఓడిపోతే పార్టీ చచ్చిపోదు. 18 సీట్లు గెలిచిన ప్రజారాజ్యం రెండేళ్లకే కాంగ్రెస్‌లో కలిసిపోయింది, ఊళ్లలో వేళ్లు దిగలేదు కాబట్టే. ఒక్క సీటు గెలిచిన జనసేన మాత్రం బతికి బట్టకట్టింది. ఆ బతుకు ఇచ్చినవాళ్లలో రాజోలు ఒకటి. 814 మంది ఇచ్చిన బతుకు అది. వాళ్లలో ఏ రంగువాళ్లు ఎందరో ఎవరికి తెలుసు?

వైసీపీ వాళ్లకీ ఒక మాట. 55 వేల ఓట్లున్న పార్టీ బరిలోంచి తప్పుకుంటే నష్టం ఆ పార్టీకే పరిమితం కాదు. పోటీ లేని ఊళ్లో వేలం పాటగాడిదే రాజ్యం. బహిష్కరణ ఆలోచన ఉంటే మానుకోండి. అలాగే కూటమిలో చీలిన కులాన్ని ఎగదోసి చలి కాచుకోవచ్చన్న ఆలోచన ఉంటే, 2022లో కాలినవి మీ వాళ్ల ఇళ్లేనని గుర్తుంచుకోండి.

ఓటర్లు ఇప్పటినుంచే చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. రిజర్వేషన్ ఖరారయ్యే రోజు రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ఏ వాయిస్ మెసేజీనీ పక్కవాడికి పంపకండి. సగం అబద్ధం ఆ రోజే పుడుతుంది. బీసీల వాటా 34 శాతమా 24 శాతమా అన్న పేచీ 2020లో హైకోర్టు తీర్పు నుంచీ నలుగుతోంది, దాని మీద మన వీధిలో తేలేది ఏమీ లేదు. పథకం ఇప్పిస్తామని ఆధార్ జిరాక్సు అడిగినవాడికి ఇవ్వకండి, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అసలే చెప్పకండి. మీ అబ్బాయి బైకు ర్యాలీకి వెళ్తానంటే ఒక్క సంగతి చెప్పండి. అమలాపురం గొడవల తర్వాత వీడియోలు చూసి, సెల్‌టవర్లు చూసి పోలీసులు కుర్రాళ్లని ఏరుకొచ్చారు. కేసు ఉన్నవాడికి పాస్‌పోర్టు తేలిగ్గా రాదు. కువైట్ వీసా కోసం ఏజెంటుకి అడ్వాన్సు ఇచ్చి కూర్చున్న ఇళ్లు మన దగ్గర ఎన్నో లెక్కపెట్టండి. వెనక నుంచి కేకలేసిన నాయకుడి పాస్‌పోర్టు ఆయన బీరువాలో భద్రంగానే ఉంటుంది.

పంచాయతీ ఆఫీసులో జాబితా అతికించినప్పుడు వెళ్లి పేరు చూసుకోండి. ఉండాల్సినవాళ్లు ఉన్నారో లేదో, పోయినవాళ్ల పేర్లు తీసేశారో లేదో చూడండి. పోయినవాళ్ల ఓట్లు కూడా పడతాయి, వాళ్లకీ ఎవరో ఒకరు లెక్క వేసుకునే ఉంటారు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. ఆ రోజు టీ డబ్బులిచ్చి లేస్తూ కుర్రాడి బల్ల మీదికి వంగి చూశాను. మా ఇంటి నంబరు దొరికింది. నా పేరు పక్కన గీత ఉంది, అది అనుకున్నదే. కింద మా అమ్మ పేరు. ఆవిడ పోయి ఆరేళ్లు. ఆ పేరు పక్కనా శుభ్రంగా, స్కేలు పెట్టి కొట్టినట్టు, అదే రంగు గీత.

“ఈవిడ లేదు బాబూ” అన్నాను.

“పర్లేదండి,” అన్నాడు కుర్రాడు పేజీ తిప్పుతూ, “కులం మారదు కదండి.”